పాటకి తోకలు తగిలించే మా పిన్ని

మా పిన్ని దృష్టిలో కంప్యూటర్ అంటే ఒక నల్ల పలక. దాని మీద తెల్లటి అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే పాట వస్తుంది, అంతే. రంగురంగుల బొమ్మలు, నొక్కితే తెరుచుకునే పెట్టెలు, అరచేతి కింద అటూ ఇటూ తిరిగే మౌసు, ఇవన్నీ లోకంలో ఉన్నాయని ఆవిడకి తర్వాతెప్పుడో తెలిసింది. తెలిశాక కూడా ముఖం చిట్లించింది. "ఇన్ని బొమ్మల్లో ఏది ఎక్కడుందో వెతుక్కునేసరికి పేషెంటు నిలబడలేక కూలబడతాడు. నాకీ నల్లదే చాలు" అంది.

ఆ నల్లదాన్ని ఆవిడకి అంటగట్టింది నేనే. ఆ ఆసుపత్రిలోనే నేను కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తాను. ప్రింటర్ కదలకపోతే నన్నే పిలుస్తారు, తెర వెలగకపోతే నన్నే పిలుస్తారు, ప్లగ్గు పెట్టడం మర్చిపోయి కూడా నన్నే పిలుస్తారు. పదేళ్లుగా ఆ ప్లగ్గులు పెట్టీ పెట్టీ నాకు కళ్లు కాస్త నెత్తికెక్కాయి. లోకంలో సగంమందికి లెక్క రాదని, మిగతా సగంమందికి చదవడం రాదని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఉండేది అంటున్నాను, గమనించండి.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. చదువు ఏడో తరగతితో ఆగింది. ఇరవై రెండేళ్లప్పుడు ఆసుపత్రిలో నేల తుడిచే పనికి చేరింది, తర్వాత వార్డులో మంచాలు సర్దే పనికి మారింది, చివరికి కింది అంతస్తులో వ్యాయామాల గదికి ఆయాగా వచ్చి అక్కడే స్థిరపడింది. మనిషి సన్నం, గొంతు చిన్నది, అడుగు మాత్రం పెద్దది. ఎప్పుడూ గట్టి చెప్పులే వేసుకుంటుంది. మెత్తటివి వేసుకుంటే కాలి కింద నేల తెలియదట. ఆవిడ వరండా మొదట్లో కాలు పెట్టిందంటే చివరి గదిలో నిద్రపోయేవాళ్లు లేచి కూర్చోవాల్సిందే.

బాబాయి పోస్ట్‌మ్యాన్. ఆసుపత్రి ఆయన తిరిగే దారిలో ఉండేది. ఉత్తరాల కట్ట గుమ్మం దగ్గర బల్ల మీద పడేసి పోవాల్సిన మనిషి, లోపల్నుంచి టకటకమని చెప్పుల చప్పుడు వినపడేదాకా అక్కడే తచ్చాడుతూ ఉండి, ఆ కట్ట ఆవిడ చేతికే ఇచ్చేవాడట. "మీ పిన్ని ముఖం నేను తర్వాత చూశానే. ముందు నడక విన్నాను" అని మాతో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పెళ్లయ్యాక అదే నడకని ఆటపట్టించేవాడు. "ఏమేవ్, గుమ్మం ముందు గుర్రబ్బండి ఏదో ఆగినట్టుంది, చూడు" అనేవాడు ఆవిడ ఇంట్లోకి వస్తుంటే. "ఆ గుర్రమే కదా మీకు ఇంత వండి పెడుతోంది" అనేది పిన్ని. రోజూ ఇదే మాట, రోజూ ఇదే జవాబు, రోజూ ఇద్దరికీ నవ్వే.

వ్యాయామాల గది పొడుగ్గా ఉంటుంది. ఒక గోడకి నిలువెత్తు అద్దం, దాని ముందు పట్టుకుని నడవడానికి రెండు ఇనప కడ్డీలు, ఓ మూల కుర్చీలో కూర్చుని తొక్కే పెడల్స్. మధ్యలో ఖాళీ నేల. ఆ నేలకి రెండు చివర్లా, రోడ్లు తవ్వేటప్పుడు అడ్డం పెడతారే, అలాంటి నారింజ రంగు ప్లాస్టిక్ కోన్లు ఉంటాయి. వాటి మధ్యన నడవాలి. రెండో గోడకి అవతల వరండా. ఆ గోడకి పైన వరసగా వెంటిలేటర్లు, వానొచ్చినా గాలొచ్చినా తెరిచే ఉంటాయి.

ఆ గదికి పెద్ద వ్యాయామాల డాక్టరమ్మ. పక్షవాతం వచ్చి నడక మర్చిపోయిన కాలికి మాటలు చెప్తే వినదని, తాళం వేస్తే వింటుందని ఆవిడ అనుభవం. అందుకని అక్కడ నడకంతా పాటతోనే. గోడ మీద పెద్దక్షరాలతో రెండే రెండు మాటలు రాయించింది. పాట ఆగేదాకా నడక ఆపకూడదు. పాట ఆగాక ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు. మొదటిది బద్ధకస్తుల కోసం. రెండోది, ఓపికయిపోయాక ఇంకో నాలుగడుగులు వేసి చూపిద్దామని బోర్లాపడే మొండివాళ్ల కోసం.

పాత టేప్ రికార్డర్ పాడైపోయినప్పుడు మా విభాగంలో పారెయ్యబోయే కంప్యూటర్ ఒకటి ఆ గదికి ఇచ్చాం. పాపం, దానికి ఒంట్లో ఏమీ లేదు. బొమ్మలున్న ప్రోగ్రాం ఏది పెట్టినా మూలుగుతూ ఆగిపోయేది. మౌసు పెట్టే చోటు కాలిపోయి ఉంది. నేను ఆలోచించి, బొత్తాలూ కిటికీలూ ఏమీ లేని చిన్న ప్లేయర్ ఒకటి అందులో పెట్టాను. ప్లేయర్ పేరు, పాట పేరు కొడితే పాడుతుంది. ఎలా పాడాలో చెప్పాలంటే ఆ పేరు పక్కన ఒక అడ్డగీత, దాని పక్కన రెండు మూడు అక్షరాలు, ఒక అంకె కొట్టాలి. 'ఎస్ఎస్' అని పన్నెండు కొడితే పన్నెండో సెకను నుంచి మొదలవుతుంది. 'టి' అని నూట యాభై కొడితే నూట యాభై సెకన్లే పాడుతుంది. 'లూప్' అంటే ఎన్నిసార్లో చెప్పడం. ఇంకోటి పాట అయిపోగానే దానంతటదే మూసుకోమని చెప్పేది. అన్నిటికన్నా పొడుగ్గా ఉండేది వేగం తగ్గించేదీ పెంచేదీ. దానితో వేగం మారుతుంది కానీ పాడేవాళ్ల గొంతు మారదు.

పిన్ని అంతా విని, "అయితే పాట వెనక తోకలు తగిలించాలన్నమాట" అంది. అప్పట్నుంచి అవి తోకలే. మొదలు తోక, కొలత తోక, ఎన్నిసార్ల తోక, వేగం తోక. ఒక పాత రూళ్ల నోటుబుక్కులో ఆ ఇంగ్లిషు అక్షరాలని బొమ్మలు గీసినట్టు గీసుకుని, పక్కన తెలుగులో దేనికేమిటో రాసుకుంది. నేను ఆ నోటుబుక్కు ఎప్పుడూ తెరిచి చూడలేదు. నాకెందుకు? నేర్పిందే నేను కదా.

మొదటి వారంలోనే ఒక గొడవ జరిగింది. పెడల్స్ తొక్కడానికి వచ్చే ఒక మామ్మ ఉండేది, మాట అంటే మాటే ఆవిడకి. పిన్ని ఆవిడకి పాట పెడుతూ, మళ్లీ మళ్లీ రావద్దు కదా అని ఎన్నిసార్ల తోక దగ్గర సున్నా కొట్టి, మందుల గదికి వెళ్లింది. ఆ ప్లేయరుకి సున్నా అంటే వద్దని కాదు, అంతే లేదని. పిన్ని అరగంట తర్వాత వచ్చేసరికి మామ్మ చెమటలు కక్కుతూ ఇంకా తొక్కుతూనే ఉంది. "అయ్యో, ఆపెయ్యలేకపోయారా?" అంటే, "పాట ఆగలేదు కదమ్మా" అని గోడ మీద రాత చూపించింది. పిన్ని ఆ మధ్యాహ్నమంతా కూర్చుని ఆ ఒక్క తోకనే మార్చి మార్చి కొట్టి, వేళ్ల మీద లెక్కపెట్టి, నోటుబుక్కులో రాసింది. సున్నా అంటే అంతులేదు. ఒకటి అంటే ఒక్కసారి. రెండు అంటే రెండుసార్లు. మూడు అంటే మూడుసార్లు. నాకు చెప్పబోతే, "సరేలే పిన్నీ, తెలుసు" అని ఫోను చూసుకుంటూ కూర్చున్నాను.

కొన్నాళ్లకి పేషెంట్లందరూ ఆవిడని పాటలమ్మ అనడం మొదలుపెట్టారు. ఎవరి కాలికి ఏ పాట, ఎవరికి ఎంత వేగం అన్నది ఆవిడ చేతిలో ఉండేది. డాక్టరమ్మ కూడా కొత్త పేషెంటు వస్తే, "పాటలమ్మా, ఈయన నడక కాస్త విని చెప్పు" అనేది. చూసి చెప్పమనేది కాదు, వినమనేది.

అలాంటప్పుడు బాబాయి పడిపోయాడు. ఒక ఇంటి మెట్ల మీద, సంచీ భుజాన ఉండగానే. ప్రాణానికి ముప్పు తప్పింది. ఎడమ కాలు మాత్రం ఆయన మాట వినడం మానేసింది. మా ఆసుపత్రిలోనే నెల రోజులు పడుకుని, చేతికర్ర పట్టుకుని లేచాడు. పోస్టాఫీసు వాళ్లు మంచిగానే మాట్లాడారు. "నాలుగు నెలల తర్వాత మా డాక్టరు వస్తాడు, ఆరు నిమిషాలు ఆగకుండా నడిపిస్తాడు, కర్ర ఉండకూడదు, ఎవరూ పట్టుకోకూడదు, నడిస్తే మీ వీధులు మీవే, మధ్యలో ఆగితే ఉత్తరాలు వేరుచేసే గదిలో కుర్చీ పని, రిటైరయ్యేదాకా అదే" అన్నారు. రెండోసారి పరీక్ష లేదు.

కుర్చీ పని అంటే ఎగిరి గంతేసేవాళ్లు చాలామంది ఉంటారు. బాబాయి అలా కాదు. ఇరవై ఏడేళ్లుగా ఆ వీధులన్నీ కాళ్లతో బట్టీపట్టిన మనిషి. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటి ముసలాయన ఉత్తరం రాకపోయినా గేటు దగ్గరే నిలబడతాడో, సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తింటూ ఒక్కొక్కటీ చెప్పేవాడు. పిన్ని ఆ వీధుల్లో ఎప్పుడూ అడుగుపెట్టలేదు, అయినా ఆవిడకి అన్నీ తెలుసు. పడిపోయాక ఆ నోరు మూతపడింది. మాట రాక కాదు. చెప్పడానికి వీధి లేక. "నాకాయన ఉద్యోగం గురించి కాదే దిగులు. ఇంట్లో రేడియో ఆగిపోయినట్టుంది. ఆ ఆరు నిమిషాలు నడవకపోతే ఇక అది మోగదు" అని నా దగ్గర కళ్లు తుడుచుకుంది పిన్ని. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

అయితే ఇంకో చిక్కు ఉంది. ఆ గదిలో పనిచేసేవాళ్లు సొంతవాళ్లని పట్టుకుని నడిపించకూడదు. ప్రేమకొద్దీ బరువంతా తామే మోసేస్తారని డాక్టరమ్మ పెట్టిన నియమం. బాబాయి నడుముకి బెల్టు కట్టి పట్టుకునేది ఇంకో ఆయా. పిన్ని దూరంగా కంప్యూటర్ దగ్గరే కూర్చోవాలి. బాబాయి కూడా తక్కువ తిన్నాడా, అంతమందిలో కాలీడుస్తూ పెళ్లాం ముందు నడవాల్సి వచ్చిందని ఉడుక్కుని, ఆ గదిలో ఆవిడ ఎవరో తెలియనట్టే ఉండేవాడు. ఇంట్లో ఏమేవ్ అనేవాడు అక్కడ "పాట పెట్టండమ్మా" అనేవాడు. పిన్ని కూడా "పెడుతున్నానండీ, నిలబడండి" అనేది. నాకు ఒకపక్క నవ్వు, ఒకపక్క చిరాకు. ఆవిడ మాత్రం ఏమీ అనుకోలేదు. చేత్తో పట్టుకోనివ్వకపోతే తోకలతో పట్టుకుంటానంది.

మొదట వేగం తోక దగ్గర సున్నా పాయింట్ ఆరు సున్నా కొట్టింది. మామూలు పాట నూరనుకుంటే అది అరవై. రెండు మూడు రోజులకొకసారి ఒక్కటంటే ఒక్కటి పెంచేది. అరవై ఒకటి, అరవై రెండు. గొంతు మారదు కాబట్టి ఎవరికీ తెలియదు. బాబాయికి మాత్రం ఒకసారి అనుమానం వచ్చింది. "ఈ పాట ఇంత నీరసంగా ఉండేదా?" అని గొణిగాడు. "పాట అదేనండీ. మీరే కుర్రాడిలా తొందరపడుతున్నారు" అంది పిన్ని తల తిప్పకుండా. ఆయన మీసాల్లో నవ్వుకోవడం నాకు అద్దంలో కనిపించింది.

కాళ్లు కుదుటపడ్డాయి, కర్ర పోయింది, బెల్టు పోయింది. కానీ మూడు నిమిషాల దగ్గర బండి ఆగిపోయింది. పాట మూడు నిమిషాలు. అది చివరికొచ్చి గొంతు సన్నగిల్లగానే ఆయన కాళ్లూ సన్నగిల్లేవి. రెండోసారి మొదలై, తాళం లేని వేణువు ముక్క పన్నెండు సెకన్లు వచ్చేసరికి ఆయన కుర్చీ కోసం చూసేవాడు. ఓపిక లేక కాదు, పాట అయిపోయిందని కాలికి తెలిసిపోయేది. పరీక్షకి ఇంక ఐదు వారాలు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్లిన వేళ, నేను ఆ గదికి వెళ్లి గుమ్మంలో ఆగిపోయాను. గదిలో పాట మోగుతోంది. పిన్ని ఒక్కతే, కళ్లు మూసుకుని, కోన్ల మధ్య నడుస్తోంది. ఎడమ కాలు ఈడుస్తూ. అచ్చం బాబాయి లాగే కుడి అడుగు టక్కుమని, ఎడమ అడుగు జరజరమని.

"పిన్నీ, నీ కాలికేమైంది?" అని అరిచాను.

"నా కాలికేం కాలేదు. ఇది మీ బాబాయి కాలు" అంది నడుస్తూనే. "అతుకు ఎక్కడ తగులుతుందో చూస్తున్నాను. మాట్లాడకు."

ఆవిడ చేస్తున్నదేమిటంటే, పాట మొదట్లో వేణువుని, చివర్లో సన్నగిల్లే గొంతుని కత్తిరించి, మధ్య ముక్కని గుండ్రంగా తిప్పడం. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపితే, మళ్లీ మొదలయ్యేటప్పుడు తాళం తప్పకుండా ఉంటుందో వెతకడం. మొదలు తోక పదకొండు పెడితే ఎడమ కాలు తడబడింది. పదమూడు పెడితే కుడి కాలు గాల్లో ఉండిపోయింది. కొలత తోక నూట నలభై ఎనిమిది, నూట నలభై తొమ్మిది, నూట యాభై. ప్రతి అంకెకీ తన కాళ్లతో గది నడిచి చూసేది. తొమ్మిది మధ్యాహ్నాలు అన్నం డబ్బా తెరవలేదు. చివరికి పన్నెండు, నూట యాభై దగ్గర అతుకు దొరికింది, లేదా దొరక్కుండా పోయింది అనాలి. వినేవాళ్లకి పాట ఎక్కడ మళ్లీ మొదలైందో తెలియలేదు. బాబాయికీ తెలియలేదు. ఆ రోజు పిన్ని పాట ఆపేసరికి, మూడు నిమిషాలనుకుంటూ నాలుగు నిమిషాలు నడిచాడు. తర్వాతి వారం ఐదు. పరీక్ష ముందు రోజు ఆరున్నర నిమిషాలు నడిచి, "ఇవాళ పాట కాస్త సాగదీశారేంటమ్మా" అన్నాడు. వేగం అప్పటికి తొంభై ఆరు.

పరీక్ష రోజు పోస్టాఫీసు డాక్టరు మెడలో స్టాప్‌వాచ్ వేలాడేసుకుని వచ్చాడు. పొడుగ్గా, పొదుపుగా మాట్లాడే మనిషి. పాటకి అభ్యంతరం లేదన్నాడు. భార్య మాత్రం గదిలో ఉండకూడదన్నాడు. అలా అంటారని పిన్నికి తెలుసు. ముందే నన్ను పిలిపించింది.

"అన్నీ నిన్ననే కొట్టి ఉంచాను. పైబాణం ఒక్కసారి నొక్కితే నిన్నటి వాక్యం వస్తుంది. ఎంటర్ కొట్టు. ఇంకేమీ ముట్టుకోకు" అంది.

"పిన్నీ, నాకు నువ్వు నేర్పుతున్నావా?" అన్నాను.

"ముట్టుకోకే" అని, తలుపు దగ్గరగా వేసి వరండాలోకి వెళ్లిపోయింది.

నేను పైబాణం నొక్కాను. వాక్యం వచ్చింది. మొదలు తోక పన్నెండు, కొలత తోక నూట యాభై, వేగం తొంభై ఆరు, ఎన్నిసార్ల తోక మూడు. ఆ మూడు చూసి నా తెలివి మేలుకుంది. అచ్చం దీని లాంటిదే ఇంకో ప్రోగ్రాంతో మా విభాగంలో నేను పనిచేస్తాను. అందులో మూడు అంటే మొదటిసారి కాక మరో మూడుసార్లు. అంటే మొత్తం నాలుగు, పది నిమిషాల పైనే. డాక్టరు చాలన్నా పాట ఆగేదాకా ఆగని మనిషి ఈయన, నడిచి నడిచి పడిపోతాడు, పిన్ని లెక్క తప్పింది పాపం అనుకున్నాను. మూడు చెరిపి రెండు కొట్టాను. ఎంటర్ నొక్కాను. పిన్నికి పెద్ద సాయం చేశానని లోపల మురిసిపోయాను కూడా.

పాట మొదలైంది. బాబాయి కదిలాడు. కోను దగ్గరికి, వెనక్కి, మళ్లీ కోను దగ్గరికి. భుజాన సంచీ లేదు కానీ ఉన్నట్టే కుడి భుజం కాస్త వంచి నడిచాడు. డాక్టరమ్మ కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. ఒక నిమిషం, రెండు, మూడు. అతుకు వచ్చింది, పోయింది, కాళ్లకి తెలియలేదు. నాలుగు. నేను ఎన్ని చుట్లయ్యాయో గీతలు పెట్టడానికి గోడ వైపుకి వెళ్లి నిలబడ్డాను. ఐదు నిమిషాలు దాటింది. ఇంకొక్కటే అనుకుంటున్నాను.

పాట ఆగిపోయింది.

సన్నగిల్లడం లేదు, వేణువు లేదు. మధ్యలో కత్తిరించినట్టు ఆగిపోయింది. రెండు అంటే రెండేసార్లు. ఎవరో నన్ను చెంప మీద కొట్టినా అంత తెలివొచ్చేది కాదు. కంప్యూటర్ వైపు పరిగెత్తబోయాను. పోస్టాఫీసు డాక్టరు చెయ్యెత్తాడు.

"మొదలయ్యాక ఏదీ ముట్టుకోకూడదు. ఆయన్నే చూసుకోనివ్వండి" అన్నాడు.

బాబాయి గది మధ్యలో ఉన్నాడు. ఆయన ఎదురుగా గోడ మీద పెద్దక్షరాలు. పాట ఆగాక ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు. నాలుగు నెలలుగా రోజూ ఆ మాటకి కట్టుబడ్డ కాళ్లు. కుడి కాలు నేల మీద పడింది. ఎడమ కాలు మడమ లేచింది, వేళ్లు నేలకే ఉన్నాయి. ఆ కాలు ముందుకొస్తుందా, అక్కడే దిగుతుందా అని చూస్తున్నాను. నా తెలివితేటల వల్ల ఆయన వీధులన్నీ పోతున్నాయి, పిన్ని ఇంట్లో రేడియో ఇక మోగదు, అదంతా నేను ఒక అంకె మార్చినందుకు. ఆ క్షణంలో నా మీద నాకు కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు.

అప్పుడు వెంటిలేటర్లలోంచి వినపడింది.

టక్. జర. టక్. జర.

గోడకి అవతల ఎవరో నడుస్తున్నారు. గట్టి చెప్పులు. కుడి అడుగు టక్కుమని, ఎడమ అడుగు ఈడుస్తూ. తొందర లేదు, ఆలస్యం లేదు. సరిగ్గా తొంభై ఆరు.

బాబాయి తల కాస్త పక్కకి వంచాడు, గుమ్మం దగ్గర ఉత్తరాల కట్ట పట్టుకుని తచ్చాడే మనిషిలా. ఎడమ కాలు ముందుకొచ్చింది. తర్వాత కుడి కాలు. గోడకి అటు ఆవిడ, ఇటు ఆయన. ఆవిడ వరండా చివరికి వెళ్లి తిరిగేసరికి ఈయన కోను చుట్టూ తిరిగాడు. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పోస్టాఫీసు డాక్టరు ఒకసారి వెంటిలేటర్ల వైపు చూశాడు, ఒకసారి తలుపు వైపు చూశాడు. వరండాలో నడవకూడదని ఆయన ఎవరికీ చెప్పలేదు. మళ్లీ స్టాప్‌వాచ్ చూసుకున్నాడు.

ఆరు నిమిషాలకి మిగిలినవి నలభై ఎనిమిది సెకన్లు. అంత పొడుగు నిమిషం నా జీవితంలో ఇంకోటి లేదు.

"ఆరు. చాలండీ, ఇక ఆగొచ్చు" అన్నాడు డాక్టరు. కాగితం మీద ఏదో రాసుకుని, "మీ వీధులు మీరు తీసుకోండి" అన్నాడు.

నేను ఏడుస్తూ గోడకి ఆనుకున్నాను. ఆ సాయంత్రం పిన్ని దగ్గర తప్పు ఒప్పుకుంటే, ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాను. ఆవిడ నోటుబుక్కు తెరిచి, మూడు అంటే మూడుసార్లు అన్న వరస మీద వేలు పెట్టి నాచేత పైకి చదివించింది, అంతే. కానీ అది తర్వాతి సంగతి.

డాక్టరు ఆగొచ్చన్నా బాబాయి ఆగలేదు. బయట చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. పిన్ని చేతిలో స్టాప్‌వాచ్ లేదు, ఆరు నిమిషాలయ్యాయని ఆవిడకెవరు చెప్తారు? బాబాయి ఆ అడుగులకి అడుగు కలుపుతూనే తలుపు దాకా నడిచి, తెరిచాడు. ఆయన వెనకే నేనూ వెళ్లాను. వరండాలో బెంచీల మీద కూర్చున్న పేషెంట్లు, నర్సులు, మందుల బండి తోసే అతను, అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగి చూస్తున్నారు. పిన్ని మాకు వీపు పెట్టి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, బాబాయి కాలు ఈడుస్తూ, దూరంగా వరండా చివరికి నడిచిపోతోంది.

అంతమందిలో బాబాయి గొంతెత్తి పిలిచాడు.

"ఏమేవ్! ఇక ఆగవే. పాట అయిపోయింది."

పిన్ని ఉన్నచోటే ఆగిపోయింది. నియమం ప్రకారం ఆ తర్వాత ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. వరండా ఆ చివరిదాకా మిగతా అడుగులన్నీ బాబాయే వేసుకుంటూ వెళ్లాడు.